పన్ను పోటుకి వేళాపాళా

సుబ్బారావుగారు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యారు. ఆయన మేనకోడలు మాధవి బీడీఎస్ చదివి తెనాలిలో సొంత క్లినిక్ పెట్టుకుంది. ఒకరంటే ఒకరికి ప్రాణం. పళ్ళ వైద్యం మాటొస్తే మాత్రం ఇద్దరికీ పడదు. ఆమధ్య ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు, వాళ్ళ వీధిలో ఆటో నడిపే కుర్రాడు దవడ పట్టుకుని సుబ్బారావుగారి తలుపు కొట్టాడట. ఆయన అతన్ని వెంటబెట్టుకుని ఊరంతా తిరిగితే తెరిచి ఉన్నది మందుల షాపు ఒక్కటే. మర్నాడు ఆ కోపం ఆయన గొంతులో ఉండగానే మాధవి వచ్చింది. ఆ మాటలు జరిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. పది ఇళ్ళకి పనికొచ్చే తగువు అనిపించి రాస్తున్నాను.

సుబ్బారావు: కాన్పు నొప్పులొస్తే అర్ధరాత్రయినా తలుపు తీస్తారు. పాము కరిస్తే తీస్తారు. గుండె పట్టేస్తే 108 ఇంటిముందుకొస్తుంది. పన్ను పోటంటే మాత్రం పొద్దున రమ్మంటారు. ఆ పొద్దుటిదాకా మనిషి ఏమైపోవాలి? తల గోడకేసి బాదుకుంటూ కూర్చున్నాడమ్మాయ్ వాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

మాధవి: పాముకాటుతో పోలిస్తే ఎలా మావయ్యా? ప్రాణం మీదికొచ్చేది వేరు, ప్రాణం తోడేసే నొప్పి వేరు.

సుబ్బారావు: ఆ తేడా నాకు చెప్పడం కాదు. నొప్పి పడేవాడికి చెప్పు.

మాధవి: చెప్పనివ్వండి మరి. పంటి లోపల మెత్తటి గుజ్జుంటుంది. నరమూ రక్తనాళాలూ అందులోనే. చుట్టూరా గట్టి గోడ. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది, పంట్లో వాపొస్తే సాగడానికి చోటేదీ? ఆ ఒత్తిడంతా నరం మీదే. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ పారుతుంది, అందుకని పగలంతా ఓర్చుకున్న పోటు పక్కమీదికి చేరాక విజృంభిస్తుంది. మీ ఆటో అబ్బాయి పదకొండింటికి రావడంలో వింతేమీ లేదు.

సుబ్బారావు: అంటే ఇది రాత్రిపూట ముదిరే జబ్బని మీకందరికీ తెలుసు. తెలిసే రాత్రిపూట మూసేసుకుంటారు.

మాధవి: ఆ సంగతికి వస్తాను. ముందు ఇది వినండి. నాకు పోటు కంటే, పోటు దానంతటదే ఆగిపోవడం ఎక్కువ భయం. గుజ్జు చచ్చిపోతే నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతుంది. మాత్ర పనిచేసిందనుకుని మనిషి తన పని తాను చూసుకుంటాడు. లోపల కుళ్ళు మాత్రం వేరు చివర నుంచి ఎముకలోకి దిగుతూనే ఉంటుంది. నెలకో, ఆర్నెల్లకో దవడ ఉబ్బుతుంది. కింది వరసలో చివరి దంతాల వేళ్ళు నాలుక కింది కండరం కంటే దిగువకి ఉంటాయి. చీము అక్కణ్ణించి బయటపడితే గడ్డం కిందికీ, మెడలోకీ పాకుతుంది. నాలుక పైకి లేస్తుంది, నోరు తెరుచుకోదు, ఉమ్ము మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు, మేం లుడ్విగ్స్ ఏంజైనా అంటాం. ఆ లక్షణాలుంటే నా క్లినిక్కి రాకూడదు. 108కి ఫోన్ చేసి, మత్తు డాక్టరూ ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. షుగరున్నవాళ్ళలో ఇది చూస్తుండగానే ముదిరిపోతుంది.

సుబ్బారావు: మరి అది ప్రాణం మీదికి రావడం కాదా? పొద్దున రమ్మన్న పన్నే కదా అక్కడిదాకా పోయింది?

మాధవి: ఆ పన్నే. కాదనను. కానీ ఒక్క రాత్రిలో పోలేదు, నెలల తరబడి మాత్రలు మింగుతూ పోయింది. నిజంగా గడియారం చూసుకోవలసిన సంగతి ఇంకొకటుంది, దాన్నెవరూ తొందర పనిగా చూడరు. ఆటలోనో, బండి మీంచి పడో ముందు పన్ను వేరుతో సహా ఊడొస్తుంది. పోయినేడు ఒక హైస్కూలు పిల్లాడి పన్నుని మర్నాడు కాగితంలో చుట్టి తెచ్చారు. మట్టి అంటిందని వాళ్ళమ్మ దాన్ని సబ్బు పెట్టి తోమి మరీ తెచ్చింది పాపం. వేరు మీద సన్నటి పొర ఒకటుంటుంది, అది బతికుంటేనే ఎముక ఆ పన్నుని మళ్ళీ పట్టుకుంటుంది. ఆరబెట్టి, తోమి తెస్తే ఇంకేం బతుకుతుంది?

సుబ్బారావు: ఏం చెయ్యాలో వాళ్ళకెవరు చెప్పారు గనక!

మాధవి: అందుకే ఆ బడికెళ్ళి పీఈటీ మాస్టారికి చెప్పొచ్చాను. పన్నుని నమిలే వైపు పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి ఉంటే కాసిని పాలతో అలా కడిగి, ఊడిన గుంటలోనే పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనాలి. అంత ధైర్యం లేకపోతే చల్లటి పాలల్లో వేసి తేవాలి, నీళ్ళలో వెయ్యకూడదు. అరగంటలో వస్తే మంచిది, గంట దాటితే ఆశ తగ్గిపోతుంది. పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పన్ను దెబ్బతింటుంది. కొన్నాళ్ళకి ఆయనే ఇంకో పిల్లాణ్ణి బండెక్కించుకుని, సగం ఖాళీ చేసిన పాల ప్యాకెట్లో పన్ను వేసుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ పన్ను నిలబడింది.

ఈ నాలుగు ముక్కలూ ప్రతి బడి గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాలి. ఒక్క పాల ప్యాకెట్‌తో పిల్లాడి ముందు పన్ను నిలబడుతుందంటే అంతకంటే చవకైన వైద్యం ఇంకేముంటుంది? మాట మళ్ళీ రాత్రి మీదికి మళ్ళింది.

సుబ్బారావు: ఇదిగో, రాత్రి షాపువాడు కట్టిన డోసు. ఆ కుర్రాడి దగ్గర్నించి తీసి దాచాను. చూడు.

కాగితపు పొట్లం విప్పి బల్ల మీద పోశారు. అట్టలోంచి వొలిచేసిన విడి మాత్రలు, వాటి మీద పేరూ లేదు, తేదీ లేదు. వేలితో ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ చెప్పారు.

సుబ్బారావు: ఈ ఎర్రదీ పచ్చదీ కలిసిన క్యాప్సూలు అమాక్సిసిలిన్, రెండంటే రెండు పూటలకి. ఇది డైక్లోఫెనాక్. ఇది గ్యాసు మాత్ర. ఈ మూల చిన్న తెల్ల మాత్ర చూశావా? స్టెరాయిడ్. వాపు చప్పున లాగేస్తుంది, షాపుకి మంచి పేరొస్తుంది. నీకు షుగరుందా, కడుపులో పుండుందా, ఇంకేం మందులు వాడుతున్నావు, ఒక్క మాట అడగలేదు. అరవై రూపాయలు తీసుకున్నాడు.

మాధవి: ఆ యాంటీబయాటిక్ రెండు పూటలు కాదు, ఐదు రోజులు వేసినా ఈ పోటుకి పనిచెయ్యదు మావయ్యా. వాపు, జ్వరం లేని ఉత్త పంటిపోటుకి యాంటీబయాటిక్ రాయొద్దని 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో రాసింది. రక్తం అందని చోటికి మందు ఎలా అందుతుంది? వాపు పాకుతున్నా, జ్వరమొచ్చినా అప్పుడు కావాలి. అప్పుడైనా చీము తీసే పనికి తోడుగానే, దానికి బదులుగా కాదు. రాత్రి గడవడానికైతే పెద్దవాళ్ళకి ఏదైనా తిన్నాక ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 500 కలిపి వేసుకోవడం మంచి ఉపాయం. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళూ, గర్భిణులూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళూ, డెంగీ అనుమానం ఉన్నవాళ్ళూ ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు.

సుబ్బారావు: లవంగ నూనె?

మాధవి: దూదికి ఒక చుక్క అద్ది పుచ్చులో పెడితే కాసేపు ఊరట. మా తాత్కాలిక సిమెంట్లలో ఉండేదీ అదే సరుకు, యూజెనాల్. చిగురంతా పూస్తే కాలుతుంది. జిల్లేడు పాలు పోసుకుని నోరంతా పుళ్ళు చేసుకొచ్చేవాళ్ళున్నారు. అన్నిటికంటే ఘోరం ఖైనీ. పోటుకని దవడలో పెట్టడం మొదలెడతారు, పన్ను ఊడినా అలవాటు ఊడదు. ఆ తర్వాత వాళ్ళని క్యాన్సర్ ఆసుపత్రిలో చూడాల్సిందే.

సుబ్బారావు: షాపువాణ్ణి తిట్టడం తేలికమ్మా. నేనూ తిడతాను. కానీ రాత్రి పదకొండింటికి షట్టరు సగం ఎత్తి కూర్చున్నది వాడొక్కడే. మీరెవరూ లేరు.

మాధవి: పగలు మీ ఆసుపత్రిలో జరిగింది మాత్రం ఏమిటి? ఓపీ చీటీ రాయించుకుని, లైన్లో నిలబడి, డెంటల్ డాక్టరు ముందు కూర్చుంటే ఐదు రోజుల మాత్రలు రాసి, వాపు తగ్గాక రండి అనేవారు. వాపు తగ్గితే నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గినవాడు ఎందుకొస్తాడు?

సుబ్బారావు: వాపు మీద పన్ను పీకకూడదని కదా అనేవారు.

మాధవి: చీము పట్టిన చోట మత్తు మందు సరిగ్గా పట్టదు, అది నిజం. అక్కడ పుల్లదనం పెరుగుతుంది, లిగ్నోకైన్ నరంలోకి చొరబడలేదు. అందుకని వాపుకి దూరంగా, నరం వచ్చే దారిలోనే ఇంజెక్షన్ ఇస్తాం. మత్తు ఎక్కి, నోరు తెరుచుకుంటే వాపున్న రోజునే పన్ను తియ్యొచ్చు, చీము వదలొచ్చు. జబ్బుకి మూలం ఎంత తొందరగా తీసేస్తే వాపు అంత తొందరగా దిగుతుంది.

సుబ్బారావు: అట్లా రా దారికి. ఆ పని ఎంతసేపు?

మాధవి: పంటిని తెరవడమా? మత్తు పట్టాక పది, పదిహేను నిమిషాలు. పోయిన వారం మిరపకాయల కోతకెళ్ళే ఒకావిడ వచ్చింది. రెండు రాత్రుళ్ళు నిద్రలేదు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చన్నీళ్ళ సీసా ఒకటి చేతిలో పెట్టుకుని గుక్క గుక్క పోసుకుంటూనే ఉంది. లోపల గుజ్జు చావబోయే ముందు అంతే, చల్లటిది తగిలితేనే ప్రాణం నిలుస్తుంది. ఎయిరోటర్‌తో పై గోడకి కన్నం పెట్టి లోపలికి దిగగానే ముందు నల్లటి నెత్తురు చుక్క ఉబికింది, వెనకే చీము, గదంతా ఆ కంపు. చూస్తూ ఉండగా ఆవిడ భుజాలు కిందికి జారాయి. మందు దూది పెట్టి, పైన తాత్కాలికంగా మూసి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కుర్చీలోనే నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. బయట కూర్చున్నవాళ్ళని ఇంకో పావుగంట ఆగమన్నాను.

సుబ్బారావు: ఎంత తీసుకున్నావు?

మాధవి: ఎక్స్‌రేతో కలిపి ఐదొందలు.

సుబ్బారావు: అదీ మాట! ఆ ఐదొందల పని ఒకటుందని ఊళ్ళో ఎంతమందికి తెలుసు? క్లినిక్కి వెళితే రూట్ కెనాలూ, క్యాపూ కలిపి ఎనిమిది వేలో, పదివేలో చెబుతారని భయపడి షాపు ముందు నిలబడుతున్నారు. నొప్పి తీసే ధర ఒకటి, పన్ను నిలబెట్టే ధర ఇంకొకటి. ఈ రెండూ మీరెందుకు విడదీసి చెప్పరు? కేంద్రం 2012లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల్లో ధరలు ఇంగ్లీషులోనూ, స్థానిక భాషలోనూ అందరికీ కనబడేలా పెట్టాలని రాశారు. మనకి మన 2002 చట్టం వేరే ఉంది, ఆ నిబంధన మాకు వర్తించదంటావేమో. వర్తించకపోతే మాత్రం తెలుగులో బోర్డు పెట్టడానికి అడ్డేమిటి?

మాధవి: అడ్డమేమీ లేదు. భయముంది. ఆ మిరప కోతల ఆవిడ మళ్ళీ రాలేదు మావయ్యా. ఫోన్ చేస్తే, నొప్పి లేదు కదమ్మా, కోతలయ్యాక వస్తా అంది. ఆ తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకి ఊడుతుంది. లోపలికి తిండి చేరుతుంది. నాలుగు నెలలకి ఆ పన్ను నిలువునా చీలి వస్తుంది. అప్పుడు పీకడం తప్ప నేను చెయ్యగలిగింది ఉండదు. తెరవడం సగం వైద్యం. ఐదొందల బోర్డు పెడితే నేను సగం వైద్యాన్ని అమ్మినట్టే.

సుబ్బారావు: రెండు రాత్రులు నిద్రలేని మనిషి నిద్రపోయింది. అది సగం ఎలా అవుతుంది? ఆవిడకి అదే మొత్తం. తర్వాత పన్ను పీకించుకుంటుందో, నిలబెట్టుకుంటుందో ఆవిడిష్టం. పీకించుకున్నవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళనుకోకు. మీ రూట్ కెనాలూ, క్యాపూ ఆవిడకి ఎన్ని రోజుల కూలో లెక్క వేశావా? దానికి తోడు మూడు నాలుగు సార్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది. అప్పుచేసి పన్ను నిలబెట్టుకుంటే ఆ వడ్డీ ఎవరు నములుతారు?

మాధవి: పీకడం తప్పని నేనెప్పుడూ అనలేదు. అరవై ఏళ్ళావిడ చివరి దంతమైతే నేనే తీసేద్దామంటాను. కానీ పందొమ్మిదేళ్ళ పిల్ల వస్తుంది, ఆరేళ్ళప్పుడు మొలిచిన పెద్ద దంతం, నమిలే బరువంతా దానిదే. మూడొందలకి తీసెయ్యమంటుంది. తీస్తే పక్క పళ్ళు ఆ సందులోకి ఒరుగుతాయి, పైది కిందికి దిగుతుంది, ఇంకో వైపు నమిలి నమిలి అదీ అరుగుతుంది. పదేళ్ళకి కట్టుడు పళ్ళంటూ వస్తుంది. ఆనాడు మిగిలిందనుకున్న డబ్బు అంతకంతా పోతుంది. నా కళ్ళముందే అది జరుగుతుందని తెలిసి ఫోర్సెప్స్ పట్టుకోవాలంటే చెయ్యి ఆడదు.

సుబ్బారావు: నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇవాళ చేతిలో లేని డబ్బుకి పదేళ్ళ తర్వాతి లెక్క చెప్పడం పేదవాడికి న్యాయం కాదు. ముందు నొప్పి తియ్యి. తర్వాత కూర్చోబెట్టి నచ్చజెప్పు. నొప్పిలో ఉన్నవాడితో పన్ను నిలబెట్టే బేరం ఆడకూడదు. ఆ వేళ వాడు దేనికైనా తలూపుతాడు.

ఇక్కడ నేను సుబ్బారావుగారి వైపే. పోటు మీద ఉన్న మనిషి చేత పెద్ద ఖర్చుకి ఒప్పించడం, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, మంచి పద్ధతి కాదు. మాధవి దీనికి ఎదురు చెప్పలేదు. ఆమె అసలు కోపం వేరే చోట ఉంది.

మాధవి: సరే, బోర్డు పెడతాను. ఐదొందలు కాదు, మూడొందలని పెడతాను. కుర్చీ మీద బ్యాంకు వాయిదా, ఎక్స్‌రే సెన్సారు మీద వాయిదా, అద్దె, ఇద్దరు అసిస్టెంట్ల జీతాలు, ఆటోక్లేవు, కరెంటు... మూడొందల పనులతో ఇవి గడవవు. రూట్ కెనాల్ చేయించుకునేవాళ్ళ డబ్బే ఈ చిన్న పనుల్ని మోస్తోంది. పోనీ అదీ మోస్తాను. రాత్రి తెరవమంటారు. పదకొండింటికి తాగొచ్చిన మనిషీ, వాడి వెనక ముగ్గురూ వస్తే క్లినిక్‌లో నేనూ, ఇరవై ఏళ్ళ అసిస్టెంటు పిల్లా! ఆ పిల్లని అర్ధరాత్రి ఇంటికి ఎవరు దింపుతారు? 2024 ఆగస్టులో కలకత్తాలో అంత పెద్ద మెడికల్ కాలేజీలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయికి ఏం జరిగిందో దేశమంతా చూసింది. వీధిలో ఒంటరి క్లినిక్ తెరిచి కూర్చోమని మీరు నాతో ఎలా అనగలుగుతున్నారు?

సుబ్బారావుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు.

సుబ్బారావు: నిన్ను ఒంటరిగా కూర్చోమనను. ఎవర్నీ అనను. ఈ భారం క్లినిక్కులది కాదు, సర్కారుది.

మాధవి: ఆ సర్కారు లెక్కలో పన్ను మనిషి ఒంట్లో భాగమే కాదు. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టారు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ప్రమాదంలో దవడ విరిగితే పథకం ఉంది. పన్ను పుచ్చితే సొంత జేబు. ఇన్సూరెన్సు పాలసీలూ అంతే, యాక్సిడెంటయితే తప్ప మామూలుగా పళ్ళ ఖర్చు ఇవ్వరు. పన్ను తెరిచే ఐదొందలు ఎవరూ ఇవ్వరు. ఆ చీము మెడలోకి దిగి ఐసీయూలో పడితే లక్షలు ఎవరో ఒకరు పెట్టాల్సిందే.

సుబ్బారావు: ఇదొక్క మన దగ్గరేనా?

మాధవి: అన్నిచోట్లా ఉంది. ప్రపంచంలో మొదటి డెంటల్ కాలేజీ 1840లో అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రం బాల్టిమోర్‌లో పెట్టారు. అప్పట్నించీ పళ్ళ వైద్యం ఒక దారి, మిగతా వైద్యం ఇంకో దారి. 2007లో అదే మేరీలాండ్‌లో పన్నెండేళ్ళ పిల్లాడు పుచ్చు పంటి వల్ల చచ్చిపోయాడు. చీము మెదడుకి పాకింది. రెండుసార్లు మెదడు ఆపరేషన్ చేశారు, రెండు లక్షల డాలర్ల పైన ఖర్చయింది, బతకలేదు. మొదట్లో పన్ను తీసేసుంటే ఎనభై డాలర్ల పని అని అక్కడి పత్రికలన్నీ రాశాయి. పేదవాళ్ళ సర్కారీ బీమాని తీసుకునే డెంటిస్టు దొరకడమే ఆ తల్లికి గగనమైంది.

సుబ్బారావు: బ్రిటన్‌లో నయం కదా? 1948లో అందరికీ ఉచితమన్నారు, పళ్ళ సెట్లతో సహా.

మాధవి: మూడేళ్ళకే ఆ సెట్లకి డబ్బు వసూలు చేస్తామన్నారు. ఆ పథకం పెట్టిన మంత్రి బెవన్ అందుకే 1951లో రాజీనామా చేశాడు. ఇప్పుడక్కడ సర్కారీ డెంటిస్టు దగ్గర పేరు రాయించుకోవడానికే దిక్కు లేదు, తమ పళ్ళు తామే పీక్కుంటున్నవాళ్ళ కథలు టీవీల్లో వస్తున్నాయి. సంక్రాంతికొచ్చిన మనవాళ్ళు ఇక్కడ దిగిన మర్నాడే నా కుర్చీలో కూర్చుంటారు, అక్కడ ఒక క్యాప్‌కయ్యే డబ్బుతో ఇక్కడ నాలుగు పళ్ళు బాగుచేయించుకుని విమానమెక్కుతారు.

సుబ్బారావు: అంటే చేతులున్నాయి, కుర్చీలున్నాయి, సరుకు చవక. అయినా మన ఊరి కూలివాడికి అందదు. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. తక్కెళ్ళపాడులో ప్రైవేటు కాలేజీ ఉంది, అక్కడ విద్యార్థులకి పేషెంట్లు కావాలి కాబట్టి తక్కువలో చేస్తారు.

మాధవి: బాగానే చేస్తారు. ప్రతి మెట్టూ ప్రొఫెసరు చూసి సరేననాలి కాబట్టి టైము పడుతుంది. టైమున్నవాళ్ళకి నేనే అక్కడికి పంపుతాను. కానీ అవి పగటి కాలేజీలు. ఆదివారం రాత్రి పోటుకి పనికిరావు.

సుబ్బారావు: మరి ఇంకోటి చెప్పు. నీతో చదివినవాళ్ళు ఎంతమంది పళ్ళు చూస్తున్నారు?

మాధవి: సగం మంది ఉంటారేమో. మిగతావాళ్ళు హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేస్తున్నారు, కొందరు పబ్లిక్ హెల్త్ పీజీ అని అమెరికా వెళ్ళారు. క్లినిక్ పెట్టడానికి డబ్బు లేక, వేరేవాళ్ళ క్లినిక్‌లో ఇచ్చే జీతం చాలక.

సుబ్బారావు: ఐదేళ్ళు చదివిన చేతులు కంప్యూటర్ ముందు కూర్చున్నాయి. ఏరియా ఆసుపత్రిలో డెంటల్ కుర్చీ మధ్యాహ్నం ఓపీ అయ్యాక దుప్పటి కప్పుకుని పడుకుంది. ఈ రెంటినీ కలపలేమా? సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఆ కుర్చీ తెరుద్దాం. ఊళ్ళో డెంటిస్టులు వంతులవారీగా వస్తారు, సాయంత్రానికింత అని ఇస్తారు. చేసేవి నాలుగే పనులు. పన్ను తెరవడం, చీము వదలడం, పన్ను తియ్యడం, నెత్తురు ఆపడం. మిగతాదానికి చీటీ రాసి పంపడం. క్యాజువాల్టీ పక్కనే ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు, పోలీసు ఔట్‌పోస్టు ఉంటుంది. నీ భయం కూడా తీరుతుంది.

మాధవి: ఆ చీటీ నా క్లినిక్కి పేషెంట్లని తోలే చీటీ అయిందని రేపు మీరే పేపరుకి రాస్తారు.

సుబ్బారావు: రాస్తాను. అందుకే చీటీ మీద ఏ క్లినిక్ పేరూ ఉండకూడదు. ఏం చెయ్యాలో మాత్రమే ఉండాలి.

మాధవి: కంప్రెసర్ చెడిపోతే? ప్రభుత్వ కుర్చీలు సగం మూలపడేది అక్కడే. గాలి లేకపోతే ఎయిరోటర్ తిరగదు, ఎయిరోటర్ తిరగకపోతే పన్ను తెరవలేం, ఇక మిగిలేది పీకుడే. హ్యాండ్‌పీసులు నాలుగైనా లేకపోతే ఒకదాన్ని ఆటోక్లేవులో పెట్టి రెండోది వాడటం కుదరదు. తుడిచేసి ఇంకొకరి నోట్లో పెట్టమంటే నేను పెట్టను.

సుబ్బారావు: ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ డబ్బుంటుంది. కుర్చీలు కొనడానికి చూపించిన ఉత్సాహం రిపేర్లకి చూపించరు, అదొక్కటే లోటు.

మాధవి: మాకిచ్చే బిల్లులు నెలల తరబడి ఆగితే?

సుబ్బారావు: ఆగితే మానెయ్. నేనే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో నీ తరఫున అర్జీ పెడతాను.

మాధవి: వారానికి రెండు సాయంత్రాలైతే నేను రాగలను. అయినా మీ ఆటో అబ్బాయి సంగతి తేలలేదు. అతనొచ్చింది పదకొండింటికి.

సుబ్బారావు: అదే నేనూ అడగబోతున్నాను.

మాధవి: ఆ వేళకి డెంటిస్టు అక్కర్లేదు. క్యాజువాల్టీ డ్యూటీ డాక్టరు చాలు. కింది దవడ నరానికి మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తే కాసేపట్లో పోటు ఆగిపోతుంది. లిగ్నోకైన్ అయితే రెండు మూడు గంటలు. బుపివకైన్ అయితే ఆరేడు గంటలు, తెల్లారిపోతుంది. మనిషి నిద్రపోయి, పొద్దున మా దగ్గరికి నడిచొస్తాడు. ఎంబీబీఎస్ చదివినవాళ్ళకి నేర్పడానికి ఒక పూట చాలు.

సుబ్బారావు: బుపివకైనా? సిజేరియన్లకి వెన్నులో ఇచ్చేది అదేగా. ప్రతి ఆసుపత్రి స్టోర్లోనూ ఉంటుంది.

మాధవి: వెన్నులో ఇచ్చేది హెవీ, చక్కెర కలిపినది. దీనికి మామూలుది కావాలి.

సుబ్బారావు: మామూలుదీ తెప్పించొచ్చు, ఇండెంటులో రాయాలంతే. ఎవరూ రాయలేదు కాబట్టి ఉండదు. కానీ క్యాజువాల్టీ డాక్టరు పంటి పని తనది కాదంటాడు. నాకు వాళ్ళ సంగతి తెలుసు.

మాధవి: అంటాడు. అందుకే సూపరింటెండెంటుగారి చేత రాతపూర్వకంగా ఆర్డరు వేయించాలి. మందు తెప్పించడం, ఆర్డరు వేయించడం మీ వంతు. నేర్పడానికి ఏ రోజు రమ్మంటే ఆ రోజు నేనొస్తాను.